రంగులు మారు బండి దీపములు

పాయకరావుపేటకును తునికిని నడుమ పారునది తాండవనది. ఏటికి ఈవలి ఒడ్డు అనకాపల్లి జిల్లా. ఆవలి ఒడ్డు కాకినాడ జిల్లా. 2022 ఏప్రిలు నెలలో జిల్లాల పునర్విభజన జరుగుటకు ముందు ఈవల విశాఖపట్టణము జిల్లా, ఆవల తూర్పు గోదావరి జిల్లా. పేరులు మారినవి గాని ఈ రెండు ఊళ్ల రాకపోకలు మారలేదు. రైలు దిగినవారు తునిలో దిగి ఆటో యెక్కి పేటకు వత్తురు. పెంటకోట రేవున పట్టిన చేపలు రాత్రికి రాత్రి వ్యానులమీద తరలిపోవును. కలకత్తా మదరాసు రహదారి, మునుపు అయిదవ నంబరు, 2010 తరువాత పదునారవ నంబరు అయినది, ఈ ప్రక్కనుండియే సాగుచున్నది.

ఈ త్రోవలయందు చీకటి పడిన పిమ్మట కొంతసేపు నిలిచి చూచితిమేని మన కన్నులకు ఒక చిన్న తిరునాళ్ల కనబడును. ఒక ఆటో ముందుభాగమున ఊదారంగు దీపము. ఇంకొకదాని పై కప్పు చుట్టును ఆకుపచ్చని వరుస. రెండు క్షణములలో అది నీలమగును, పిదప ఎరుపగును. లారీ అద్దముపైన పసుపు, తెలుపు మారుచు కొట్టుకొనుచుండును. మోటారుసైకిలు కడ్డీకి రెండు చిన్న దీపములు, వాని వెలుగు ఎదుటివాని కంటిలో సూదివలె గ్రుచ్చుకొనును. ఇవి యేవియు కంపెనీవారు బండితో ఇచ్చినవి కావు. పైన పెట్టించుకొన్నవి. వీనిని ఎట్లు కలుపుదురు, వీని మీటలు ఎట్లు అమర్చవలెను, ఎక్కడ ప్రమాదము పొంచియున్నది అనునవి నేటి ప్రసంగ విషయములు.

మేము ఆటోస్టాండు వద్ద ఒకతనిని అడిగితిమి, ఈ దీపములు ఎందుకు బాబూ అని. “ఎందుకేటండీ, చీకట్లో నా బేరాలు దూరం నుంచే నా బండిని పోల్చుకోవాల గదండీ” అని అతడనెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. దుకాణమునకు బోర్డు ఎట్టిదో అతని బండికి ఆ ఊదారంగు దీపము అట్టిది. కావున దీపములన్నియు పీకి పారవేయుడని చెప్పుటకు మేమీ ప్రసంగమునకు పూనుకొనలేదు.

రేడియో వినువారికి ఈ దీపముతో ఒక పాత చుట్టరికము కలదు. వాల్వులు రాకపూర్వము రేడియోలలో ఒక స్ఫటికపు ముక్కకు సన్నని తీగమొన తాకించి ప్రసారములు వినెడివారు. మార్కొనీ కంపెనీలో పనిచేయుచుండిన హెన్రీ రౌండ్ అను ఇంజనీరు 1907లో కార్బొరండము అను స్ఫటికమును అట్లే పరీక్షించుచు, దానిలోనికి విద్యుత్తు పంపగా తాకిన చోట పసుపుచాయ వెలుగు పుట్టినదని ప్రకటించెను. రష్యా దేశమున ఒలెగ్ లోసెవ్ 1920 తరువాతి సంవత్సరములలో ఆ వెలుగును శ్రద్ధగా పరిశీలించెను. కంటికి కనబడు ఎరుపు వెలుగునిచ్చు డయోడును 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసెను. ఎరుపు, ఆకుపచ్చ త్వరగనే వచ్చినవి. నీలము మాత్రము ముప్పదియేండ్లు ఊరించెను. జపానువారగు అకసాకి, అమానో, నకమురాలు దానిని సాధించినందులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. నీలము రానిదే తెలుపు లేదు. తెలుపు రానిదే ఈ దీపము బండ్లకు తలదీపముగ ఎక్కియుండదు. రంగులు మారుట అసలే లేదు.

ఇక రంగు ఎట్లు మారును? పట్టీవలె అంటించు దీపములను దగ్గరగా చూచినచో ఒక్కొక్క తెల్లని గడిలో మూడు చిన్న చుక్కలుండును: ఎరుపు, ఆకుపచ్చ, నీలము. ఒక చుక్క వెలిగిన ఆ రంగే. ఎరుపు ఆకుపచ్చలు కలిసి వెలిగిన పసుపు. ఎరుపు నీలములు కలిసిన ఊదా. ఆకుపచ్చ నీలములు కలిసిన సముద్రపు చాయ. మూడును వెలిగిన తెలుపు. మూడు మీటలతో ఏడు రంగులు వచ్చినవన్నమాట. బజారులో అమ్ము చిన్న పెట్టె, అనగా కంట్రోలరు, చేయునదియు ఇంతే. అది మన వ్రేలికి బదులు ఆ మూడు మీటలను తానే నొక్కుచుండును. మధ్యరంగులు కావలసినప్పుడు ఒక్కొక్క చుక్కను క్షణమునకు కొన్ని వందలసార్లు వెలిగించి ఆర్పును. వెలిగియుండు వ్యవధి పెంచినను తగ్గించినను మన కంటికి కాంతి పెరిగినట్లును తగ్గినట్లును తోచును.

ఇట్టి పట్టీనుండి నాలుగు తీగలు వచ్చును. ఒకటి ప్లస్సు, తక్కిన మూడు ఆ మూడు రంగులవి. చాలవరకు ప్లస్సు అందరికిని ఉమ్మడి, రంగుల తీగలు మైనసు వైపునకు పోవునవి. ఇక్కడనే తికమక. బండిలో ఇనుపచట్రమంతయు మైనసే గదా. హారనునకు, దీపములకు ప్లస్సు తీగను మీటగుండ తెచ్చి, రెండవ కొనను చట్రమునకు బిగించుట మేస్త్రులకు చేతి అలవాటు. ఆ అలవాటున ఈ పట్టీలోని ఒక రంగు తీగను చట్రమునకు బిగించినచో ఆ రంగు ఇక ఆరదు; ప్లస్సు వచ్చినంతసేపు వెలుగుచునే యుండును. మూడు రంగులకు ప్లస్సు ఇచ్చి నాలుగవ తీగను చట్రమునకు తగిలించినచో ఏదియు వెలుగదు. కావున ఈ పట్టీకి ప్లస్సు నేరుగ ఫ్యూజు నుండి రావలెను. మీటలు మూడును రంగు తీగలకును చట్రమునకును నడుమ ఉండవలెను. ఉమ్మడి మైనసు గల దీపములును లేకపోలేదు. కొనునప్పుడే అంగడివానిచేత ఒక చిన్న బ్యాటరీకి కలిపించి చూచుకొనుట మేలు.

పన్నెండు వోల్టుల బండి అనుచున్నాము గాని, అందులో పన్నెండు వోల్టులు ఉండునది ఇంజను ఆగియున్నప్పుడే. ఇంజను తిరుగుచుండగా ఛార్జింగు వోల్టేజి పదునాలుగునకు పైగా పోవును. ఇదేమంత భేదమని తోచవచ్చును. లెక్క చూడుడు. పట్టీలో నీలపు చుక్కలు మూడేసి వరుసగా, వానికి తోడు ఒక రెసిస్టరు ఉండును. ఒక్కొక్క నీలపు చుక్క సుమారు 3.2 వోల్టులు తీసికొనును, మూడింటికి 9.6. పన్నెండులో మిగిలినవి 2.4 వోల్టులు, రెసిస్టరు మీద పడునవి అవి. ఇంజను వేసిన పిమ్మట 14.4 వచ్చినదనుకొందము. చుక్కలు తీసికొనునది ఇంచుమించు అంతే. రెసిస్టరు మీద ఇప్పుడు 4.8. అనగా ప్రవాహము రమారమి రెట్టింపు. వేడియు అట్లే పెరుగును. ఎరుపు చుక్కకు రెండు వోల్టులే చాలును గనుక దాని రెసిస్టరు మీద మొదటనే ఎక్కువ పడుచుండును. అందుచేత ఎరుపు అంతగా పెరుగదు. ఇంజను వేయగానే తెల్లని దీపము నీలిచాయకు తిరుగుట కొందరు గమనించియుందురు, దాని మర్మమిదియే. అంగడిలో బల్లమీద చక్కగా వెలిగిన పట్టీ బండిలో కొద్ది నెలలకే మాడిపోయినచో అంగడివాడు మోసగించెనని తిట్టుదుము. తరుచు నేరము ఈ రెండు వోల్టులది. కొంచెము వెల ఎక్కువైనను లోపల ప్రవాహమును అదుపుచేయు సాధనమున్న దీపములను, లేదా వోల్టేజిని నిలకడగా ఉంచు పెట్టెను వాడుట మంచిది.

లారీల సంగతి మరియొకటి. పెద్ద లారీలకు రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఇరువదినాలుగు వోల్టులు చేయుదురు. అంగడిలో చౌకగా దొరకు దీపములేమో పన్నెండు వోల్టులవి. దీనికి రహదారి ప్రక్క రెండు ఉపాయములు వాడుకలో ఉన్నవి. రెండును పైకి తెలివియైనవే, లోన చేటే.

మొదటిది: రెండు పట్టీలను వరుసగా, ఒకదాని తోకకు ఇంకొకదాని తల కలిపి, ఇరువదినాలుగు ఇచ్చుట. చెరిసగము పంచుకొనునను ధైర్యము. మనవారికి తునితగవు అను మాట తెలిసినదే. ఎవరికెంత న్యాయమో చూడక చెరిసగము చేసి పంపు తీర్పు. ఏటికావల తుని ఉన్నదని కాబోలు, ఈ మేస్త్రులకు ఆ తీర్పు మీద నమ్మకము మెండు! కాని విద్యుత్తు తునితగవు తీర్చదు. రెండు పట్టీలును అచ్చముగ ఒక్కతీరువైననే చెరిసగము. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయినచో పొట్టిదాని మీద ఎక్కువ వోల్టులు పడును. ఒకదానిలో మూడు రంగులు, మరియొకదానిలో ఎరుపు ఒక్కటే వెలుగుచున్నచో ఆ ఒంటరి ఎరుపు మీదనే భారము. అది మాడును. రంగులు మారు దీపములలో ఏ క్షణమున ఏ రంగు వెలుగునో నియమము లేదు గనుక, ఈ పద్ధతి వానికి బొత్తిగా పనికిరాదు.

రెండవది: రెండు బ్యాటరీల నడిమి బంధమునుండి ఒక తీగ తీసి క్రింది బ్యాటరీ ఒక్కదాని పన్నెండు వోల్టులు వాడుకొనుట. దీపములు మాడవు, చక్కగా వెలుగును. అందుచేతనే ఇది మరింత మోసకారి. ఆల్టర్నేటరు రెండు బ్యాటరీలలోనికిని ఒకే ప్రవాహమును పంపును. క్రిందిది మాత్రము దీపములకు గూడ ఇచ్చుకొనుచు ప్రతిరాత్రి కొంత కొంత నీరసించుచుండును. మొత్తము వోల్టేజి సరిపెట్టుటలో పైదానికి మోతాదు మించి పడి నీరు మరిగి తరిగిపోవును. ఒకటి ఆకలితోను ఒకటి అజీర్ణముతోను చెడును. ఏ అర్ధరాత్రియో దారిలో ఇంజను తిరుగక మొరాయించినప్పుడు డ్రైవరు బ్యాటరీ కంపెనీని నిందించును. దీనికి సరియైన మందు ఇరువదినాలుగును పన్నెండు చేయు కన్వర్టరు పెట్టె ఒక్కటే. రెండు బ్యాటరీల వెలలో అది ఏ మూలకు?

ఫ్యూజును గూర్చి కొంత తీరికగా చెప్పవలసియున్నది. ఏలయనగా బండ్లు తగులబడుట వట్టి మాట కాదు. బ్యాటరీని మనము మెత్తని వస్తువుగా తలచుదుము. ముట్టుకొన్న షాకు కొట్టదు గదా యని. కాని స్టార్టరును త్రిప్పునప్పుడు ఆ బ్యాటరీయే వందకు మించిన ఆంపియర్లు ఇచ్చుచున్నది. మనము దీపమునకు లాగిన సన్నని తీగ ఎక్కడనో రేకు అంచున ఒరసి, తొడుగు తెగి, చట్రమునకు తగిలినచో ఆ వందల ఆంపియర్లు ఆ తీగలో పోవును. క్షణములలో తొడుగు కరగి మండును. ఆ ప్రక్కనే పెట్రోలు గొట్టమో, సీటు దూదియో ఉండును. ఫ్యూజు కాపాడునది దీపమును కాదు, తీగను. అందుచేత అది దీపము వద్ద గాక బ్యాటరీకి ఒక జానెడు దూరములోనే యుండవలెను. దీపము వద్ద పెట్టిన ఫ్యూజు, నడుమ తీగ తెగిన వేళ నిద్రపోవును.

ఎంత ఫ్యూజు? ఇరువది వాట్ల దీపములు రెండు అయినచో నలుబది వాట్లు. పన్నెండుచేత భాగించిన మూడున్నరకు లోపు ఆంపియర్లు. అయిదు ఆంపియర్ల ఫ్యూజు చాలును. అది మాటిమాటికి పోవుచున్నదని పదునైదుది పెట్టువారున్నారు. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టువారును ఉన్నారు. ఫ్యూజు పోవుట రోగము కాదు, రోగచిహ్నము. తీగ యెక్కడ ఒరయుచున్నదో వెదకవలెను.

తీగ మందమును గూర్చి ఒక లెక్క. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ మీటరు పొడవునకు సుమారు 0.017 ఓములు నిరోధించును. పోవుటకు అయిదు, వచ్చుటకు అయిదు, మొత్తము పదిమీటర్లకు 0.17 ఓములు. 3.3 ఆంపియర్లకు అర్ధవోల్టు కంటె కొంచెము ఎక్కువ పోవును; ఓర్చుకొనవచ్చును. అందులో సగము మందము గల తీగ అయినచో వోల్టునకు పైన పోవును. బజారున స్పీకర్లకని అమ్ము జంటతీగ ఇంకను సన్నము. చూపులకు తొడుగు లావుగా నుండి లోపల రాగి నాలుగు పోగులే యుండు తీగలను మేము స్వయముగా ఒలిచి చూచితిమి.

రిలే యనునది కొందరికి అనవసరపు ఖర్చుగా తోచును. అది మీటను మోసెడి కూలి యని తలచుడు. వ్రేలితో నొక్కు చిన్న మీటగుండ దీపముల ప్రవాహమంతయు పోనిచ్చినచో కొన్నాళ్లకు దాని లోపలి పలకలు కాలి నల్లబడును. అందును ఇంటిగోడకు పెట్టు మీటలను బండిలో వాడుట తగదు. ఇంటి విద్యుత్తు సెకనుకు నూరుసార్లు సున్నకు దిగును గనుక మీట తీసినప్పుడు పుట్టు మెరుపు తానే ఆరిపోవును; బ్యాటరీ విద్యుత్తు అట్లు దిగదు, మెరుపు సాగును. రిలే యున్నచో మీటగుండ పోవునది ఆంపియరులో ఆరవ వంతో ఏడవ వంతో. బరువంతయు రిలే లోపలి గట్టి పలకలు మోయును. రిలే అడుగున అంకెలుండును. ముప్పది అనునది బ్యాటరీ నుండి ఫ్యూజుగుండ వచ్చు తీగకు, ఎనుబదియేడు దీపములకు, ఎనుబదియారు మీట నుండి వచ్చు తీగకు, ఎనుబదియైదు చట్రమునకు. ఈ అంకెలు జర్మనీవారి ప్రమాణము ననుసరించి ఏర్పడినవి. నేడు చాలవరకు రిలేలమీద ఇవియే. నాలుగు అంకెలు గుర్తున్న మేస్త్రికి పటము అక్కరలేదు.

ఆ మీటకు వచ్చు ప్లస్సు ఎక్కడనుండి తేవలెను? బ్యాటరీనుండి నేరుగ తెచ్చినచో తాళము తీసికొని ఇంటికి పోయినను దీపము వెలుగుచునే యుండును. ముప్పదియైదు ఆంపియరు గంటల కారు బ్యాటరీ అయిన తెల్లవారుసరికి ఖాళీ. మోటారుసైకిలు బ్యాటరీ అయిన భోజనము ముగియునంతలో నీరసించును. తాళపు మీట దాటిన తరువాతి ప్లస్సు తీసికొనుట క్షేమము. దూరము చూచుటకు పెట్టించు సాయ దీపములైనచో ఇంకను ఒక మెట్టు పైకి పోవలెను: హెడ్‌లైటు ఎత్తుకాంతి తీగనుండియే రిలేను నడిపించుట. అప్పుడు ఎదుటి బండి వచ్చినప్పుడు డిప్పరు దించగానే సాయ దీపములును తామే ఆరును. రెండు మీటలు వెదకికొను పని లేదు. మరచు ప్రసక్తి లేదు. కొత్త కార్లలో దీపముల తీగలు చిన్న కంప్యూటరుచేత నడుచును. ఆ తీగలను గిల్లి అతికినచో తప్పుదీపములు వెలుగును, కంపెనీవారు గ్యారంటీ నిరాకరింతురు. అట్టి బండికి దానికని చేసిన జోడింపు సామానే కొనవలెను.

ఇక ఒకే మీటతో రెండు మూడు రంగులు మారు దీపములను గూర్చి. లంబసింగి పోవువారు వీనిని ఎక్కువగా పెట్టించుకొనుచున్నారు. పేటనుండి నర్సీపట్టణము మీదుగ చింతపల్లి మన్యమెక్కినచో, శీతకాలపు వేకువ అక్కడి మంచులో పదిబారల దూరము గూడ కానరాని వేళలుండును. తెల్లని కాంతి మంచులో తెరవలె నిలిచి కన్ను మూయును. పసుపు మేలని ప్రతీతి. ఫ్రాన్సు దేశమున 1937 మొదలు 1993 వరకు బండ్ల తలదీపములన్నియు పసుపువియే యుండవలెనను శాసనముండెను. మంచుతుంపరలు కాంతితరంగములకంటె చాల పెద్దవి గనుక రంగు వలన భేదము స్వల్పమే. దీపము నేలకు దగ్గరగా ఉండి, వెలుగు వెడల్పుగను పైకి లేవకను పడుటలోనే అసలు లాభమున్నది. ఈ సంగతి తెలిసినవారు పసుపు దీపమును బానెట్టు మీద పెట్టరు, బంపరు క్రింద పెట్టుదురు.

ఈ దీపములలో చిన్న జ్ఞాపకశక్తి గల పరికరము ఉండును. మీట వేసిన తెలుపు. ఒకసారి ఆర్పి వెంటనే వేసిన పసుపు. మరల ఆర్పి వేసిన మెరపులు. జ్ఞాపకము నిలుచునది ఒక కెపాసిటరులో దాగిన కొద్దిపాటి విద్యుత్తు వలన. అది ఖాళీయగునంతసేపు ఆర్పియుంచినచో దీపము మొదటి రంగునకు వచ్చును. ఇబ్బంది ఎక్కడ ననగా, కుడి ఎడమ దీపములు రెండింటి కెపాసిటర్లు ఒక్కతీరుగ నుండవు. మీట వదులై చిటపటలాడినచో ఒక దీపము దానిని ఒక ఆజ్ఞగను, ఇంకొకటి రెండాజ్ఞలుగను లెక్కించును. కుడివైపు తెలుపు, ఎడమవైపు పసుపు. అప్పుడు అర నిమిషము ఆర్పియుంచి వేసినచో సాధారణముగ రెండును కలియును. మాటిమాటికి విడిపోవుచున్నచో రెండింటికిని ఒకే రిలే పలకనుండి, ఒకే పొడవు తీగలతో విద్యుత్తు ఇచ్చి, రెండింటి మైనసు తీగలను ఒకే మరకు బిగించవలెను. అప్పటికిని మానకున్నచో ఈ జ్ఞాపకపు దీపములను విడిచి, తెలుపునకు ఒక తీగ, పసుపునకు ఒక తీగ గలవి కొని, నడుమ ఆగి అటునిటు పోవు మీటను అమర్చుట ఉత్తమము. చీకటిలో చేతితో తడిమినప్పుడు మీట ఏ వైపు వ్రాలియున్నదో వ్రేలికి తెలియును. నడకలో ఉన్న బండికి అది చిన్న సుగుణము కాదు.

పెంటకోటవైపు తిరుగు బండ్లకు ఇంకొక చిక్కు. ఉప్పుగాలికి రాగి పచ్చని చిలుమెక్కును. చట్రమున బిగించిన మర తుప్పుపట్టును. దీపము మినుకుమినుకుమనినచో ముందు దీపమును మార్చక మైనసు మరను విప్పి, రంగు గీకి, మెరయు ఇనుమును తాకునట్లు బిగించి, పైన కొంచెము గ్రీజు రాయవలెను. రేకులోనుండి తీగ దూరు ప్రతి రంధ్రమునకు రబ్బరు బుష్షు ఉండవలెను.

రంగులు మార్చు చౌకపెట్టెలు బండిలోని రేడియోలో గరగర శబ్దము పుట్టించును. క్షణమునకు వందలసార్లు వెలుగుచు ఆరుటయే దానికి కారణము. మీడియం వేవు వినుచున్నప్పుడు దీపములు ఆర్పగానే శబ్దము ఆగినచో పెట్టె నేరమని తెలిసికొనవచ్చును. తీగలను మెలివేసి, ఏరియలుకు దూరముగ నడిపినచో కొంత తగ్గును.

ఇంతవరకు చెప్పినది బండి లోపలి సంగతి. ఇక బయట. రహదారిమీద రంగు అలంకారము కాదు, అది భాష. చీకటిలో ముందు పోవు బండి మనకు కనబడదు; కనబడునవి దాని దీపములే. ఎరుపు కనబడినచో అది మనవలెనే పోవుచున్నదని, తెలుపు కనబడినచో ఎదురుగ వచ్చుచున్నదని, పసుపు కొట్టుకొన్నచో ప్రక్కకు తిరుగబోవుచున్నదని ఆలోచింపకయే మన కాలు బ్రేకుమీద పడును. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో ఇరువదిరెండు మీటర్లు దాటును. ఎదుట ఆకుపచ్చ, నీలము, ఎరుపు మారుచున్నది వచ్చుచున్నదా, పోవుచున్నదా, నిలిచియున్నదా యని ఊహించుటకు రెండు సెకనులు పట్టినచో నలుబదినాలుగు మీటర్లు పోయినవి. ఆ నలుబదినాలుగు మీటర్లలో బజారునుండి సైకిలుమీద ఇల్లు చేరుచున్నవాడు ఒకడుండవచ్చును. వాని సైకిలుకు దీపమే లేకపోవచ్చును. మన కంటిని ఊదారంగు కాంతి క్రమ్మియున్నప్పుడు వాడు మనకు కనబడడు.

చట్టము చెప్పునదియు ఈ భాషనే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో నూట ఎనిమిదవది ముందువైపు ఎరుపును, వెనుకవైపు ఎరుపు గాక వేరు రంగును చూపరాదని శాసించుచున్నది. వెనుకకు నడుపునప్పటి తెలుపునకు, తిరుగుడు సూచించు పసుపునకు, నంబరు పలక వెలుగునకు, బండి లోపలి దీపములకు మినహాయింపు కలదు. పెద్దల కార్లమీది ఎర్రదీపములు 2017 మే నెలతో తొలగిపోయినవి గదా. అధికారులకే లేని ఎరుపు ఆటోకు ఎట్లు చెల్లును? నూట ఆరవ నిబంధన ప్రకారము తలదీపపు వెలుగు క్రిందికి వంగి, దీపమునకు ఎనిమిది మీటర్ల దూరమున, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలుపరాదు. వెదకుదీపముల వంటివానిని అధికారి అనుమతి లేనిదే ముందు బిగింపరాదు. చట్టము అనుమతింపని మార్పులు బండికి చేయించిన యజమానికి 2019 నాటి సవరణ ప్రకారము ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు ఖైదో, రెండునో పడవచ్చును. అయిదువేలు ఆటో తోలుకొనువానికి ఎన్ని దినముల కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినచో మన ఆటో అబ్బాయి బేరము మాటేమి? దానికి మీటల అమరికలోనే ఒక మార్గమున్నది. రంగుల పట్టీని బండి బయట గాక పై కప్పు లోపలివైపు, వెలుగు సీటుమీద పడునట్లు అంటించవలెను. అది లోపలి దీపమగును. నిలిచియున్న ఆటో లోన ఊదారంగు నిండియున్నచో ఎక్కువారికి దూరమునుండియే ఆనవాలు తెలియును. తరువాత, ఆ పట్టీకి విద్యుత్తు ఇచ్చు రిలేను ఇట్లు కలుపవలెను: ఎనుబదియారుకు తాళపు మీట దాటిన ప్లస్సు, ఎనుబదియైదును నేరుగ చట్రమునకు కాక చేతిబ్రేకు మీటగుండ చట్రమునకు. కార్లలో చేతిబ్రేకు పిడి క్రింద అట్టి మీట ముందే యుండును; దాని తీగలో ఒక డయోడు చేర్చి వాడుకొనవచ్చును. ఆటోలో లేకున్నచో పిడి లాగినప్పుడు కలియునట్లు ఒక చిన్న నొక్కుడు మీటను బిగింపవచ్చును. ఇక చేతిబ్రేకు వేసియున్నంతవరకే రంగులు. బ్రేకు వదలి బండి కదలగానే డ్రైవరు తలచినను తలపకున్నను అవి ఆరును; ముందు తెలుపు, వెనుక ఎరుపు మాత్రమే మిగులును. నడుపునప్పుడు వెనుకనుండి వెలుగు అద్దమున పడి కన్ను చెదరుటయు ఉండదు.

ఈ ఉపాయమును మేము ఆ స్టాండులో కాగితముమీద గీచి చూపితిమి. అబ్బాయి కంటె ముందు ప్రక్కకొట్టు వైరింగు మేస్త్రి దానిని అందుకొని, రెండుమార్లు త్రిప్పి చూచి, “రిలే ఒకటి, పుష్ స్విచ్చి ఒకటి. గంట పనండీ మాస్టారూ” అనెను.

పని ముగిసిన పిదప చేయవలసిన పరీక్ష ఒకటి కలదు. సమతలమైన చోట గోడకు ఎదురుగ ఎనిమిది మీటర్ల దూరమున బండి నిలిపి, గోడమీద నేలనుండి ఒకటిన్నర మీటరు ఎత్తున సున్నముతో గీత గీచి, చీకటి పడిన పిమ్మట ముందు దీపములు వేయవలెను. వెలుగు ముద్ద ఆ గీతకు క్రిందనే నిలిచినచో సరి. పైకి లేచినచో దీపపు మర వదులుచేసి క్రిందికి వంచి బిగించవలెను. వెనుక సీటున ఇద్దరిని కూర్చుండబెట్టి మరల చూడవలెను, ఏలయనగా బరువునకు వెనుకభాగము క్రుంగి ముందు వెలుగు పైకి లేచును. తాండవ వంతెన యెక్కు ఆటోలలో ఖాళీగ పోవునవి ఎన్ని?